మధ్యయుగాల మొదట్లో యూరప్‌లో మిషనరీలు ముందు వెళ్లింది రాజు దగ్గరికే

మధ్యయుగాల మొదట్లో మిషనరీలు యూరప్ జనాన్ని ప్రసంగాలతో క్రైస్తవంలోకి మార్చారా, కత్తి చూపించి మార్చారా అని ఒకరు అడిగారు. రెండూ ఉన్నాయి, కానీ చాలాచోట్ల అసలు కథ నడిచింది రాజుగారింట్లో. ఉద్యోగరీత్యా కొన్నాళ్లు ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు కాంటర్‌బరీ తిరిగాను కాబట్టి, ఆ ఊరున్న కెంట్ అనే పాత రాజ్యం సంగతే చెప్తాను.

597లో పోప్ గ్రెగరీ పంపగా అగస్టీన్ అనే సన్యాసి తన బృందంతో కెంట్‌లో దిగాడు. (మధ్యదారిలో వీళ్లకి భయమేసి వెనక్కి వచ్చేస్తామంటే పోప్ ఒప్పుకోలేదు.) అప్పటికే అక్కడి రాజు ఏథెల్‌బర్ట్ భార్య బెర్తా క్రైస్తవురాలు, ఇప్పటి ఫ్రాన్స్ వైపు ఏలిన ఫ్రాంకుల రాజకుమారి, తన మతం తనని పాటించుకోనివ్వాలనే షరతు మీదే పెళ్లి చేసి వెంట ఒక బిషప్పుని కూడా పంపారు. ఆవిడ ప్రార్థన చేసుకున్న సెయింట్ మార్టిన్ చర్చిలో ఇప్పటికీ ఆరాధన జరుగుతుంది. పాత కోటగోడ దాటి తూర్పుకి కాస్త నడిస్తే వస్తుంది, చిన్నదే, గోడల్లో రోమన్ల కాలపు పలచటి ఎర్ర ఇటుకలు తాకి చూడొచ్చు. అవి చూశాక నాకు అర్థమైంది, అగస్టీన్‌కి సగం దారి రాణిగారే వేసి ఉంచిందని. ఏథెల్‌బర్ట్ మాత్రం ఇంట్లో కలిస్తే మంత్రం వేస్తారేమోనని ఆరుబయట కూర్చుని మాట్లాడాడట, తర్వాతి కాలపు ఇంగ్లండ్ చరిత్రకారుడు బీడ్ రాశాడు.

మాది ఒంగోలు వైపు. మా దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అది మాదిగ పల్లెల్లోంచి పైకి వచ్చిన కదలిక. కెంట్‌లో పూర్తిగా రివర్స్, రాజు ముందు బాప్తిస్మం తీసుకున్నాడు, జనం వెనక తీసుకున్నారు.

601లో గ్రెగరీ ఈ మిషనరీలకి రాసిన ఉత్తరం చూడండి. పాత దేవుళ్ల గుళ్లు కూల్చకండి, విగ్రహాలు తీసేసి పవిత్రజలం చల్లి వాడుకోండి, ఎడ్లని బలిచ్చి తినే విందు కూడా మాన్పించకండి, హతసాక్షుల (మతం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల) పండగనాడు చర్చి చుట్టూ కొమ్మలతో పాకలు వేసుకుని తిననివ్వండి అన్నాడు. అంతకు నెల ముందే రాజుకి గుళ్లు పడగొట్టమని రాసిందీ ఈయనే!

రాజుని నమ్ముకుంటే వచ్చే చిక్కు, రాజు పోతే కథ మొదటికొస్తుంది. కెంట్ పక్క రాజ్యం ఎసెక్స్‌లో రాజు చనిపోగానే బాప్తిస్మం లేని కొడుకులు, చర్చి ఆరాధనలో మా నాన్నకి పెట్టిన ఆ తెల్ల రొట్టె మాకెందుకు పెట్టవని బిషప్ మెల్లిటస్‌తో గొడవపడి తరిమేశారు. తూర్పు ఆంగ్లియా రాజు రెడ్వాల్డ్ ఇంకా తెలివిగా ఒకే గుళ్లో క్రీస్తుకో పీఠం, పాత దేవుళ్లకో పీఠం పెట్టుకున్నాడు.

ఇక కత్తి సంగతంటే ఇప్పటి జర్మనీ వైపు శాక్సన్లు. 782లో వెర్డెన్ దగ్గర ఫ్రాంకుల రాజు చార్లెమాన్ 4,500 మంది శాక్సన్లని చంపించాడని ఆనాటి ఫ్రాంకుల చరిత్రలే చెప్తాయి, బాప్తిస్మం వద్దన్నవాడికి మరణశిక్ష అని చట్టమూ చేశాడు, పైగా చర్చికి దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు, కట్టాలి. ఆయన కొలువులోని పండితుడు ఆల్క్విన్‌కే ఇది నచ్చలేదు, దశమభాగాలే శాక్సన్ల విశ్వాసాన్ని చెడగొట్టాయంటున్నారని ఉత్తరంలో రాశాడు.