ఐదేళ్ల న్యాయశాస్త్ర డిగ్రీ: సబ్బవరమా, ఆంధ్ర విశ్వవిద్యాలయమా, ప్రైవేటు విశ్వవిద్యాలయమా?

విజయనగరం నుంచి మీరు అడిగిన ప్రశ్న చదివాను. ఇంటర్మీడియట్ పూర్తిచేసిన మీ అమ్మాయికి క్లాట్ (జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష) ర్యాంకుతో విశాఖపట్నం దగ్గరి సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చేలా ఉందని, లాసెట్ (రాష్ట్ర న్యాయ కళాశాలల ప్రవేశ పరీక్ష) కూడా రాస్తున్నందున ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ న్యాయ కళాశాల మీద కూడా ఆశ ఉందని, మరోవైపు ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం ఫీజులో రాయితీ ఇస్తామని పిలుస్తోందని, అమ్మాయికి జడ్జి కావాలన్న కోరిక ఉందని రాశారు. నేను విశాఖపట్నంలో సివిల్ కేసులు చూసే న్యాయవాదిని. చదివింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. ఈ మూడు రకాల సంస్థల నుంచి వచ్చిన జూనియర్లతోనూ కలిసి పనిచేశాను కాబట్టి, నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

ముందుగా జడ్జి ఉద్యోగం సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతా లెక్కలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జడ్జి ఉద్యోగంలో తొలి మెట్టయిన జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం 3 సంవత్సరాలు న్యాయవాదిగా ప్రాక్టీసు చేసి ఉండాలి. ఆ కాలాన్ని న్యాయవాదులను నమోదు చేసుకునే బార్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా నమోదైన తేదీ నుంచి లెక్కిస్తారు. అంటే డిగ్రీకి 5 సంవత్సరాలు, ఆపైన ప్రాక్టీసుకు 3 సంవత్సరాలు కలిపి మీరు ఆలోచించాల్సింది 8 సంవత్సరాల గురించి. ఫీజు ఎంత అన్న ప్రశ్నతో పాటు, డిగ్రీ చేతికి వచ్చాక ఆ మూడేళ్లూ అమ్మాయి ఎలా బతుకుతుంది అన్న ప్రశ్న కూడా ఇప్పుడే వేసుకోవాలి. జూనియర్ న్యాయవాదులకు పట్టణాల్లో నెలకు రూ. 20,000, గ్రామీణ ప్రాంతాల్లో రూ. 15,000 తగ్గకుండా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే. జిల్లా కోర్టుల్లో చాలామంది జూనియర్ల చేతికి అందేది అంతకంటే బాగా తక్కువ. పైగా ఆడపిల్లలు రోజూ సాయంత్రం సీనియర్ ఆఫీసులో పని ముగించుకుని ఇంటికి చేరడానికయ్యే ఖర్చు కూడా ఉంటుంది. ఈ పరిస్థితిలో నెలనెలా విద్యారుణం వాయిదా కట్టాల్సి వస్తే, ఎంత పట్టుదల ఉన్న పిల్లయినా కోర్టు వదిలేసి ఏదో ఒక కంపెనీలో ఉద్యోగం వెతుక్కుంటుంది. మంచి వాదనా పటిమ ఉన్న యువ న్యాయవాదులు ఈ ఒక్క కారణంతో బార్‌కు దూరం కావడం చూశాను. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అప్పు చేయకుండా కట్టగలిగితే మాత్రం నా ఓటు సబ్బవరానికే. 2008లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం పేరు కోసం ఈ మాట అనడం లేదు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో చదివిన పిల్లలు ఐదేళ్లపాటు ప్రాజెక్టులు రాస్తారు, మూట్ కోర్టుల్లో (విద్యార్థుల కోసం నడిపే నమూనా కోర్టుల్లో) రెండు పక్షాల తరఫునా వాదించడం నేర్చుకుంటారు, తీర్పుల డేటాబేసులు వాడటం వారికి రోజువారీ అలవాటు అవుతుంది. మా ఆఫీసులో అలా చదివి వచ్చిన ఒక జూనియర్‌కు మొదట్లో కక్షిదారుల మాట అర్థమయ్యేది కాదు. ఒక వృద్ధురాలు తన భూమి గురించి చెబుతూ, గెడ్డకు (వాగుకు) ఇవతలిది తమ జిరాయితీ (సొంత పట్టా భూమి) అని, అవతలి గరువు (మెట్ట నేల) మరిది వాటా అని అంటే, హైదరాబాదులో పెరిగిన ఆ అబ్బాయి దావా షెడ్యూలులో తూర్పు హద్దు ఏమని రాయాలో తెలియక కలం పట్టుకుని కూర్చుండిపోయాడు. అయితే కొన్ని నెలల్లోనే ఆ మాటలన్నీ పట్టుబడ్డాయి, పట్టాదారు పాసు పుస్తకం, అడంగల్ (గ్రామ భూముల సాగు రికార్డు), ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) పక్కపక్కన పెట్టి సర్వే నంబర్లు సరిచూడటమూ వచ్చేసింది. రెండు వందల పేజీల తీర్పు చదివి, అందులో మన కేసుకు పనికివచ్చే రెండు పేరాలు ఏవో గుర్తించగల నైపుణ్యం మాత్రం నెలల్లో వచ్చేది కాదు. దానికి విద్యార్థి దశలోనే పునాది పడాలి.

అప్పు తప్పదంటే ఆంధ్ర విశ్వవిద్యాలయమే మేలు. ఫీజులో ఉన్న తేడాయే దీనికి ముఖ్య కారణం. కళాశాల నగరంలోనే ఉండటం వల్ల సెలవు రోజుల్లోనే కాకుండా తరగతులు లేని పూటల్లోనూ జిల్లా కోర్టుకు వెళ్లి కూర్చోవచ్చు. నేను అలాగే సాక్షుల విచారణ వినడం అలవాటు చేసుకున్నాను. అయితే ఇక్కడ మిమ్మల్ని ముందే హెచ్చరించాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎవరూ వెంటపడి చదివించరు. పరీక్షల ముందు గైడు చదివి పాసైపోయే వీలు ఉంటుంది, ఆ వీలును వాడుకునేవారూ ఉంటారు. మీ అమ్మాయి తనంతట తాను మూలచట్టం తెరిచి చదివే రకమా కాదా అన్నది మీకే బాగా తెలుస్తుంది. ఫీజులో మిగిలిన డబ్బులో కొంత పుస్తకాలకు, కొంత అమరావతిలోని హైకోర్టు దగ్గర ఇంటర్న్‌షిప్ చేసే వారాలకు పక్కన పెడితే చదువులో లోటు చాలావరకు తీరుతుంది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ ఎలాగూ చేయాలి.

ప్రైవేటు విశ్వవిద్యాలయం గురించి ఎక్కువ చెప్పను. మంచివి ఉన్నాయి. అయితే రాయితీ ఐదేళ్లకూ వర్తిస్తుందా, ఏటా ఇన్ని మార్కులు తగ్గకుండా వస్తేనే కొనసాగిస్తారా, హాస్టలు ఫీజు మధ్యలో పెరుగుతుందా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. రాసి ఇవ్వడానికి వెనకాడితే ఆ సంస్థను పక్కన పెట్టండి. న్యాయ కోర్సు నడపడానికి బార్ కౌన్సిల్ అనుమతిని కొంత కాలానికి ఇచ్చి పొడిగిస్తూ ఉంటుంది కాబట్టి, మీ అమ్మాయి చేరే సంవత్సరానికి అది అమలులో ఉందో లేదో చూడండి.

ఏ కళాశాలకు వెళ్లినా ఒక్క పని తప్పకుండా చేయమని నా మనవి. చివరి సంవత్సరం విద్యార్థిని ఎవరినైనా అడిగి, మూట్ కోర్టు పేపరు కోసం రాసిన రికార్డు చూడండి. ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణను స్వయంగా చూసి అందులో నమోదు చేయాలన్నది నిబంధన. నిజంగా కోర్టుకు వెళ్లిన విద్యార్థి రికార్డులో వాయిదా తేదీలు మారుతూ ఉంటాయి, సాక్షి రాకపోవడం వల్ల విచారణ జరగని రోజు కూడా ఉంటుంది, క్రాస్ ఎగ్జామినేషన్‌లో (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు) ఏ ప్రశ్నకు అభ్యంతరం వచ్చిందో, జడ్జి దానిపై ఏమన్నారో రాసి ఉంటుంది. పాత రికార్డు చూసి ఎత్తి రాసినదైతే పది మంది పుస్తకాల్లోనూ ఒకే కేసు, ఒకే వాక్యాలు కనిపిస్తాయి. పనిలో పనిగా, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నేరాలు, శిక్షల చట్టమైన భారతీయ న్యాయ సంహితను, క్రిమినల్ కేసులు నడిపే విధానం చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితను తరగతిలో సెక్షన్ల వారీగా చెబుతున్నారా, పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) నోట్సుకే కొత్త నంబర్లు తగిలిస్తున్నారా అని కూడా అదే విద్యార్థిని అడగండి. ప్రాస్పెక్టస్ ఎంత చదివినా తెలియని విషయాలు ఈ రెండింటితో తెలిసిపోతాయి.

అమ్మాయి తెలుగు మాధ్యమంలో చదివిందని, భాష ఇబ్బంది అవుతుందేమోనని కూడా రాశారు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు మొదటి సంవత్సరం సబ్బవరంలో కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ అన్నీ ఇంగ్లీషులోనే జరుగుతాయి. కానీ జడ్జి పరీక్షకు రెండు భాషలూ గట్టిగా రావాలి. సాక్షి తెలుగులో చెప్పింది విని, అర్థం చెడకుండా ఇంగ్లీషులో వాంగ్మూలంగా రాయించడం ఆ ఉద్యోగంలో నిత్యం చేసే పని. అందువల్ల తెలుగు మాధ్యమాన్ని ఒక లోటుగా అమ్మాయి ముందు మాట్లాడకండి.

ఇక మీకు వెంటనే ఎదురయ్యే చిక్కు తేదీలది. క్లాట్ డిసెంబరులో జరుగుతుంది, సీట్ల కేటాయింపు కొత్త సంవత్సరంలో మొదలై రౌండ్లు రౌండ్లుగా సాగుతుంది. లాసెట్ వేసవిలో జరుగుతుంది, కౌన్సెలింగ్ ఆ తర్వాత చాలా ఆలస్యమైన సంవత్సరాలూ ఉన్నాయి. కాబట్టి రెండు సీట్లూ చేతిలో పెట్టుకుని తీరిగ్గా ఎంచుకునే అవకాశం మీకు దొరకకపోవచ్చు. క్లాట్ కౌన్సెలింగ్‌లో ఫ్రీజ్ (వచ్చిన సీటునే ఖాయం చేసుకోవడం) గానీ ఫ్లోట్ (వచ్చిన సీటు ఉంచుకుని మెరుగైన సీటు కోసం తర్వాతి రౌండ్లకు ఆగడం) గానీ నొక్కే ముందు, తర్వాత సీటు వదులుకుంటే కట్టిన డబ్బులో ఎంత, ఏ తేదీలోగా అడిగితే తిరిగి వస్తుందో ఆ సంవత్సరపు నోటిఫికేషన్‌లో చదివి, ఆ తేదీని రాసి పెట్టుకోండి. లాసెట్ ఫలితం ఆ తేదీలోగా వచ్చేలా లేకపోతే, అప్పు లెక్క ఇంట్లో ఇప్పుడే తేల్చుకుని సబ్బవరం సీటు గురించి ఒక నిర్ణయానికి రండి.