పాలు కారినంత మాత్రాన కొడిశపాల కాదు

ప్రశ్న: మాది నర్సీపట్నం దగ్గర పల్లె. శివరాత్రి వెళ్ళేసరికి మా కొండ మీద పొదలన్నీ ఆకులు రాల్చేస్తాయి. అంకుడు, కొడిశపాల రెండూ గిల్లితే తెల్లటి పాలే. నాన్నగారు విరేచనాలకి కొడిశపాల బెరడు కషాయం కాస్తారు, అందుకే ఈ టెన్షన్. ఆకుల్లేనప్పుడు ఏది ఏదో ఎలా పోల్చుకోవాలి? రెండు ఫొటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకుడు

జవాబు: మొదటి ఫొటోలోది అంకుడు, సందేహం లేదు. రెండో దాంట్లో బెరడు తప్ప ఏమీ లేదు. ఒట్టి బెరడు ఫొటో చూసి ఈ రెండింటినీ విడదీస్తానని ఎవరన్నా నేను నమ్మను.

పాల సంగతి వదిలేయండి. (క్లాసులో మా పిల్లలూ ముందు గిల్లడానికే తయారయ్యేవారు.) రెండూ గన్నేరు కుటుంబంవే, పాలు రాక తప్పదు. కణుపు దగ్గర ఆకు రాలిన మచ్చలు ఎదురెదురుగా ఉండటం కూడా రెండింటికీ ఉన్నదే. ఆ మచ్చలు నులితడ లాంటివాటిని పక్కన పెట్టడానికి పనికొస్తాయి, అంతే. నులితడకి మచ్చలు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి, కాయ మెలితిరిగి ఉంటుంది.

మీరు చూడాల్సింది కాయ. ఆకులు రాలినా కాయలు సన్నగా, పొడుగ్గా, జంటలుగా వేలాడుతూనే ఉంటాయి. అంకుడు కాయలు పచ్చిగా ఉన్నప్పుడు జంటలో రెండింటి కొసలూ అతుక్కుని ఉంటాయి, మధ్యలో సందు. మీ మొదటి ఫొటోలో కనిపిస్తున్నది అదే. కొడిశపాలకి మొదటినుంచీ ఏ కాయ దారి దానిదే, పైన తెల్లటి చుక్కలు కూడా ఉంటాయి.

చిక్కల్లా ఎండాక. అంకుడు కొసలు కూడా అప్పుడు విడిపోతాయి. పగలబోతున్న కాయనొకదాన్ని కొమ్మ మీదే పట్టుకుని మెల్లగా విప్పండి. గింజకి ఒక చివర పట్టులాంటి కుచ్చు ఉంటుంది. అది తొడిమ వైపు ఉంటే అంకుడు, కాయ కొస వైపు ఉంటే కొడిశపాల. కింద రాలిన గింజతో లాభం లేదు, అది కాయలో ఎటు తిరిగి ఉండేదో ఎలా తెలుస్తుంది?

ఎండాకాలంలో పూలొస్తే ఇంత కష్టం అక్కర్లేదు. రెండూ తెల్లనివే గానీ అంకుడు పువ్వు నడుమ పీచు కుచ్చు ఉంటుంది, కొడిశపాలకి ఉండదు. వానల్లో అయితే కొడిశపాల ఆకే బాగా పెద్దది.

అంకుడు మీకు పరాయిదేం కాదు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఏటికొప్పాక లక్కబొమ్మలు ఈ కర్రతో చేసినవే. నరికిన మోడు మళ్ళీ గుబురుగా చిగురిస్తుంది, దాన్ని చూసి వేరే మొక్క అనుకునేవాళ్ళున్నారు.

కషాయం మాట: కొడిశపాల పేరుతో అంకుడు బెరడు అమ్మడం మందుల అంగళ్ళలో పాత సంగతే. రెండో పొద ఏదో తేలేదాకా దాని బెరడు కాయొద్దు. విరేచనాల్లో రక్తం పడితే మాత్రం నాన్నగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఈసారి కాయలున్న కొమ్మని, తొడిమ నుంచి కొస దాకా కనిపించేలా ఫొటో తీసి పంపండి.