జూన్ జాబ్ ఫెయిర్‌కి వెళ్తే విదేశీ స్కూల్లో ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 29 ఏళ్లు. ఎమ్మెస్సీ ఫిజిక్స్, బీఈడీ చేసింది. హైదరాబాద్‌లో ఒక ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ సిలబస్) స్కూల్లో ఐదేళ్లుగా డిప్లొమా (ఇంటర్ స్థాయి రెండేళ్ల కోర్సు) పిల్లలకు ఫిజిక్స్ చెబుతోంది. విదేశాల్లో ఇంటర్నేషనల్ స్కూల్లో చేరాలని పట్టుదలగా ఉంది. ఇంటర్నేషనల్ స్కూళ్లు టీచర్లను ఎంచుకునే జనవరి జాబ్ ఫెయిర్లకు వెళ్లలేకపోయింది. జూన్‌లో అమెరికాలో ఒక ఫెయిర్, ఆన్‌లైన్‌లో మరొకటి ఉన్నాయంటోంది. ఒక ఏజెంటు లక్షన్నర కడితే దుబాయ్‌లో ఉద్యోగం ఖాయమంటున్నాడు. సీజన్ చివర్లో మంచి స్కూళ్లు మిగులుతాయా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నాం. ఈ ఏడాది కాకపోతే ఇక వెళ్లలేదేమోనని టెన్షన్‌గా ఉంది. రాజీనామా చేయించి ప్రయత్నించమందామా?
- ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: అడిగినదానికి ముందు సూటిగా చెప్పేస్తాను. ఆన్‌లైన్ ఫెయిర్‌లో అమ్మాయి తప్పకుండా పాల్గొనాలి. అమెరికా ప్రయాణం వద్దు. రాజీనామా వద్దు. ఏజెంటుకి ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

ఆగస్టులో తెరుచుకునే స్కూళ్లు 'వచ్చే ఏడాది ఉంటారా, వెళ్తారా' అని తమ టీచర్లను అక్టోబరు, డిసెంబరు మధ్యే అడుగుతాయి. ఖాళీలు అప్పుడే తేలతాయి, ఫిబ్రవరి దాటేలోపు చాలావరకు నిండిపోతాయి. జనవరిలో బ్యాంకాక్, లండన్ ఫెయిర్లకు అంత రద్దీ అందుకే. టీచర్‌గా ఉన్న రోజుల్లో నేనూ ఒకసారి బ్యాంకాక్ ఫెయిర్‌కి వెళ్లాను. పెద్ద హోటల్ హాలు, ఒక్కో స్కూలుకి ఒక్కో టేబుల్, వెనక గోడకు ఖాళీల కాగితం. నేను నిలబడ్డ వరుసలో నా ముందు ఇద్దరే ఉన్నారు. ఇంతలో టేబుల్ వెనక ఉన్నాయన లేచి, మార్కర్ తీసి నా సబ్జెక్టు పేరు మీద అడ్డంగా గీత గీశారు. కాళ్లలో సత్తువ పోయినట్టయింది. ఆ జనవరిలో ఉత్త చేతులతో తిరిగొచ్చాను. మరుసటి ఏడాది మే నెలాఖరులో ఉద్యోగం వచ్చింది. ఏ ఫెయిరూ లేదు. ఒక ఈమెయిల్, ఆన్‌లైన్‌లో రెండు ఇంటర్వ్యూలు, అంతే.

కాబట్టి సీజన్ చివర్లో ఉద్యోగాలు ఉండవన్నది నిజం కాదు. అయితే అవి ఎందుకు మిగిలాయన్నది చూసుకోవాలి. ఒప్పుకున్న టీచర్ చివరి నిమిషంలో మానుకున్నారు, వీసా రాలేదు, ఇంట్లో ఎవరికో జబ్బు చేసింది, అనుకోకుండా పిల్లలు ఎక్కువ చేరి కొత్త సెక్షన్ తెరిచారు. ఇలాంటి ఖాళీలు ఎంత మంచి స్కూల్లోనైనా వస్తాయి. ఇంకో రకం ఉంది: ఏటా టీచర్లు పారిపోయే స్కూళ్లు. వాటికి సీజన్ మొదలూ ఒకటే, చివరా ఒకటే. ఈ తేడా ఇంటర్వ్యూలోనే తెలిసిపోతుంది. ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయిందని అమ్మాయిని మొహమాటం లేకుండా అడగమనండి. ప్రస్తుతం అక్కడ పనిచేసే టీచర్‌తో పది నిమిషాలు మాట్లాడించమనాలి. మంచి స్కూలు వెంటనే నంబరు ఇస్తుంది. నసిగితే అర్థం చేసుకోండి. దుబాయ్ స్కూలైతే కేహెచ్‌డీఏ (అక్కడి ప్రైవేటు స్కూళ్లను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ) తనిఖీ నివేదికలు ఆన్‌లైన్‌లో ఎవరైనా చదవొచ్చు. ఏటా ఎంత శాతం టీచర్లు మానేస్తున్నారో కొన్ని నివేదికల్లో ఉంటుంది. రేటింగ్ కంటే ముందు నేను ఆ అంకె చూస్తాను.

ఇక అమెరికా ఫెయిర్. వీసాకి ఫీజు కట్టాలి, అపాయింట్‌మెంట్ జూన్ లోపు దొరకడం కష్టం, పైన విమానం టికెట్, హోటల్. అక్కడ కూర్చునే స్కూళ్లు మీ అమ్మాయిని ఆన్‌లైన్‌లో కూడా ఇంటర్వ్యూ చేయగలవు. ఆ డబ్బు దండగ.

ఏజెంటు మాట. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటు మన ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు వెతికితే తెలిసిపోతుంది. రిజిస్టరైన ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. యూఏఈ చట్టం ప్రకారమైతే నియామక ఖర్చులు ఉద్యోగి మీద వేయకూడదు. లక్షన్నర అడిగాడంటేనే అతని సంగతి తేలిపోయింది.

ఇప్పుడు మీరు అడగని విషయం చెబుతాను. 'ఇంటర్నేషనల్ స్కూల్ టీచర్' అనే మాట మీద ఈమధ్య మన ఇళ్లలో మోజు బాగా పెరిగింది. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్‌కి ఉన్న మోజు ఇప్పుడు దీనికి వస్తోందేమో అనిపిస్తుంది. నాకు సందేహాలున్నాయి. 'దుబాయ్‌లో టీచర్' అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు ఉద్యోగాలున్నాయి. ఇల్లు, టికెట్లు, ఇన్సూరెన్సు అన్నీ ఇచ్చే స్కూలు ఒకటి. జీతం చేతిలో పెట్టి అద్దె నువ్వే కట్టుకో అనేది ఇంకొకటి. రెండో దాంట్లో నెలాఖరుకి మిగిలేది హైదరాబాద్‌లో మిగిలేదానికంటే తక్కువ కావచ్చు. అంతేకాదు, అదే పాఠం చెప్పే బ్రిటిష్ టీచర్‌కి ఒక జీతం, మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఒక జీతం ఇచ్చే స్కూళ్లు ఉన్నాయి. ఇది అన్యాయం. మొదట విన్నప్పుడు నాకూ కడుపు మండింది. కానీ తెలియకుండా వెళ్లి అక్కడ ఏడవడం కంటే, జీతాల స్కేలు అందరికీ ఒకటేనా అని ముందే అడగడం మంచిది.

అమ్మాయికి కలిసొచ్చేవి కూడా ఉన్నాయి. ఐబీ ఫిజిక్స్‌కి కొత్త సిలబస్ 2023లో మొదలై, 2025లో తొలి పరీక్షలు జరిగాయి. ఆ సిలబస్‌ను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చెప్పిన అనుభవం తనకు ఉంది, సీవీలో అది మొదటి వాక్యం కావాలి. ఇంకొకటి, 2023 నుంచి ఇంగ్లండ్ ప్రభుత్వం మన దేశంలో శిక్షణ పొందిన మ్యాథ్స్, సైన్స్ టీచర్లకు క్యూటీఎస్ (ఇంగ్లండ్ గుర్తించే టీచరు అర్హత) కోసం నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు కల్పించింది. దరఖాస్తుకు ఫీజు లేదు. బ్రిటిష్ సిలబస్ స్కూళ్లు చాలావరకు అడిగేది ఆ అర్హతే. ఈ వేసవిలో ఆ పని మొదలుపెట్టమనండి.

రాజీనామా ఎందుకు వద్దంటున్నానంటే, చేతిలో సంతకం చేసిన కాంట్రాక్టు లేకుండా మానేస్తే, నోటీసు జీతం పోతుంది, రిలీవింగ్ లెటర్ ఇబ్బంది అవుతుంది. పైగా రెండో ఏడాదిలోకి వచ్చిన పిల్లల ఇంటర్నల్ అసెస్‌మెంట్లు మధ్యలో ఆగిపోతాయి. తన తర్వాతి స్కూలు ఫోన్ చేసి వాకబు చేసేది ఈ ప్రిన్సిపాల్‌నే.

ఇక సంబంధాల సంగతి. మీ ఉత్తరంలో ఫెయిర్ గురించి ఒక్క సందేహమే ఉంది, మిగతాదంతా భయమే. ఇవి సాధారణంగా రెండేళ్ల కాంట్రాక్టులు. ఆగస్టులో చేరిన అమ్మాయిని సంక్రాంతికి 'సంబంధం కుదిరింది, వచ్చెయ్' అంటే తన పేరు చెడుతుంది. పంపాలా వద్దా అన్నది మీ ఇంట్లో ఇంకా తేలలేదు. ఆ తేలని మాటను ఫెయిర్ మీదకు నెట్టకండి. 29 ఏళ్ల మనిషి తన సంపాదనతో తను నిలబడింది, ఆమెకు ఏం కావాలో ఆమెనే కూర్చోబెట్టి అడగండి. నాకు రాసేముందు అడిగారా? అడిగి ఉంటే పెళ్లి గురించి ఆమె మాట ఉత్తరంలో ఒక్కటైనా కనిపించేది. కఠినంగా అన్నాననుకోకండి, ఇలాంటి ఉత్తరాలు చాలా చదివాను.

ఈ ఏడాది కాకపోతే ఇక లేదన్న భయం మాత్రం పూర్తిగా వదిలేయండి. సెప్టెంబరు నుంచి వచ్చే సీజన్ ప్రకటనలు మొదలవుతాయి. ఐబీలో ఫిజిక్స్ చెప్పగలిగేవాళ్లు దొరకడం స్కూళ్లకు ఎప్పుడూ కష్టమే. 30 ఏళ్లకీ, 35కీ కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది.

జూన్‌లో ఆఫర్ వచ్చినా చాలామందికి చేజారేది ఇంటర్వ్యూలో కాదు, కాగితాల్లో. మనవాళ్లు ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తోనే ఏళ్లు నెట్టుకొస్తారు, యూనివర్సిటీ నుంచి ఒరిజినల్ డిగ్రీ తెచ్చుకోరు. యూఏఈకైతే డిగ్రీ మీద రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశపు ఎంబసీ ముద్రలు వరుసగా పడాలి. దానికి వారాలు పడుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే అక్కడో తకరారు. ఈ ఆదివారం అమ్మాయి ఇంటికి వస్తే, ఆ మెమో, డిగ్రీ, పాస్‌పోర్టు మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం ఇద్దరూ కలిసి చూడండి.