ట్రేడ్ చదివితే కాలేజీకి దూరమవుతారా?

ప్రశ్న: మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతోంది. బడిలో నేర్పే ఎలక్ట్రానిక్స్ ట్రేడ్ (వృత్తివిద్య సబ్జెక్టు) అంటే ఆమెకు చాలా ఆసక్తి. ఇంటర్‌లో వొకేషనల్ తీసుకుంటానంటే, ఇక ఇంజినీరింగ్ చదవడం కుదరదని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: బంధువుల భయం నిజం కాదు. ఎలక్ట్రికల్ టెక్నీషియన్ వంటి వొకేషనల్ కోర్సు చదువుతూ, గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల్లో బ్రిడ్జ్ కోర్సు (ఆ సబ్జెక్టులను అదనంగా నేర్పే కోర్సు) కూడా ఉత్తీర్ణులైనవారు బీటెక్ ప్రవేశానికి పోటీపడవచ్చు. అయితే, రెండేళ్లూ ఆ సబ్జెక్టులే చదివిన ఎంపీసీ విద్యార్థులతో ఒకే పరీక్షలో తలపడాలి కనుక ఆ బరువు చిన్నది కాదు. అమ్మాయికి ఇంజినీరింగ్ మీదే మనసుంటే నేను పాలిటెక్నిక్‌నే సూచిస్తాను. పాలిసెట్ ద్వారా మూడేళ్ల డిప్లొమాలో చేరి, తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లవచ్చు. ఈలోగా ఇంటి పరిస్థితులు మారినా డిప్లొమాతోనే ఉద్యోగం వెతుక్కునే వీలుంటుంది. వొకేషనల్‌లోనే చేర్చదలిస్తే, ఆ కళాశాలలో బ్రిడ్జ్ కోర్సు తరగతులు నిజంగా జరుగుతున్నాయా, ల్యాబ్‌లో పరికరాలు పనిచేస్తున్నాయా అన్నది మీరే స్వయంగా వెళ్లి చూడండి.

ప్రశ్న: మా బడిలో ట్రేడ్ తరగతులు ఉన్నా, పదో తరగతి కాగానే పిల్లలు వాటిని వదిలేస్తున్నారు. ఉన్నత పాఠశాల చదువును ఎలా మార్చితే ఇది కళాశాలకూ ఉపాధికీ పనికొస్తుంది?
– ఒక ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

జవాబు: లోపం పిల్లల్లో లేదు, పదో తరగతి దగ్గర మనం గీసుకున్న గీతలో ఉంది. చదువును పనితో జోడించాలని, సెకండరీ స్థాయిలో వృత్తివిద్యను విస్తరించాలని, దేశ విద్యావ్యవస్థను సమీక్షించిన కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1969–70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ మొదలై, 1971 చట్టంతో దానికి ప్రత్యేక బోర్డు ఏర్పడిన తర్వాత బడి ఒక బోర్డు కింద, జూనియర్ కళాశాల మరొక బోర్డు కింద నడుస్తూ వచ్చాయి. తొమ్మిదిలో మొదలుపెట్టిన ట్రేడ్‌ను పదకొండులో ఎక్కడ కొనసాగించాలో చెప్పే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. ఇంజినీరింగ్ డిప్లొమాల కోసం పాలిసెట్ కూడా గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలనే పరీక్షిస్తుంది. రెండేళ్లు శ్రద్ధగా సర్క్యూట్లు బిగించిన విద్యార్థికి ఆ శ్రమ వల్ల ఒక్క మార్కు కూడా కలవదు. అలాంటప్పుడు తల్లిదండ్రులు దాన్ని పక్కన పెట్టమనడంలో ఆశ్చర్యం లేదు.

2020 జాతీయ విద్యావిధానం 9 నుంచి 12 వరకు నాలుగేళ్లను ఒకే దశగా చూడమంటోంది. మన దేశంలో 19–24 ఏళ్ల శ్రామికుల్లో లాంఛనంగా వృత్తివిద్య పొందినవారు 5 శాతం లోపేనన్న పన్నెండో పంచవర్ష ప్రణాళిక అంచనాను కూడా అదే పత్రం ఎత్తిచూపింది. జర్మనీలో అది 75 శాతం. అక్కడ అప్రెంటిస్ వారంలో కొన్ని రోజులు సంస్థలో పనిచేస్తూ, మిగిలిన రోజులు వృత్తి పాఠశాలలో చదువుకుంటాడు, అంటే పని నేర్పే బాధ్యతను పరిశ్రమ కూడా పంచుకుంటుంది. మనం ఆ బాధ్యతనంతా బడిమీదే వేసి, శిక్షణ సంస్థల ద్వారా తాత్కాలికంగా వచ్చే బోధకులతో నెట్టుకొస్తున్నాం. బోధకుడి ఉద్యోగానికే భరోసా లేనిచోట ట్రేడ్‌కు విలువ ఎలా వస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో కొన్ని ఉన్నత పాఠశాలలను హైస్కూల్ ప్లస్‌గా మార్చి ఇంటర్ ప్రవేశపెట్టారు. ఒకే ఆవరణలో పన్నెండో తరగతి దాకా చదివే వీలు కల్పించడం మంచిదే కానీ, అక్కడ కూడా ఎంపీసీ, బైపీసీలకే పరిమితమైతే పాత గీత అలాగే ఉంటుంది. ముందుగా చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు: మండలంలోని ఉన్నత పాఠశాలలో ఏ ట్రేడ్ నేర్పుతున్నారో, అదే ట్రేడ్‌కు సరిపడే వొకేషనల్ కోర్సును దగ్గరి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో బ్రిడ్జ్ కోర్సుతో సహా తెరవాలి, పదో తరగతి ట్రేడ్ మార్కుకు ఆ ప్రవేశంలో వెయిటేజీ ఇవ్వాలి.