కుర్రకారు కమ్యూనిటీ రేడియో వినాలంటే క్విజ్ పెడితే సరిపోతుందా?

ప్రశ్న: "మాది చిన్న కమ్యూనిటీ రేడియో, అంటే చుట్టుపక్కల జనం కోసమే నడిచే స్టేషన్. పాటలకంటే మాటల కార్యక్రమాలే ఎక్కువ. పాతికేళ్ల లోపు వాళ్లు అసలు వినడం లేదు. క్విజ్ పెట్టి బహుమతులు ఇస్తే వస్తారా?"

వస్తారు, బహుమతి పుచ్చుకుని పోతారు. ఆ తర్వాత మీ ఫ్రీక్వెన్సీ ఎంతో కూడా గుర్తుండదు వాళ్లకి. కాలేజీ ఆవరణలో నడిచే ఒక కమ్యూనిటీ రేడియోలో కొన్నాళ్లు వాలంటీరుగా పనిచేశాను, ఆ ధైర్యంతోనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కుర్రాళ్లకి మాటలు ఎక్కవు అని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. అర్ధరాత్రి దాకా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపుకునేది ఎవరు? గంటల కొద్దీ పాడ్‌కాస్ట్‌లు వినేది ఎవరు? వాళ్లకి పడనిది ఉపన్యాసం. మన దగ్గర కార్యక్రమం పేరులో 'యువత' అని కనిపిస్తే చాలు, రిటైరైన పెద్దాయన ఒకరు వచ్చి సెల్‌ఫోన్ వల్ల నష్టాలు ఏకరువు పెడతారు. ఆకాశవాణి 1969లోనే ఢిల్లీలో 'యువవాణి' మొదలుపెట్టి కుర్రవాళ్ల చేతికి మైకు ఇచ్చింది. ఇన్నేళ్లయినా మనం వాళ్లని కూర్చోబెట్టి క్లాసు పీకుతూనే ఉన్నాం.

మా స్టేషన్లో ఒక సాయంత్రం జరిగింది చెబుతాను. ఆ రోజు 'యువత – వ్యక్తిత్వ వికాసం' అనే రికార్డెడ్ ప్రసంగం వేయాలి. టైమ్ అయ్యింది, ఫైల్ ఓపెన్ అవ్వలేదు. డ్యూటీలో ఉన్నది డిప్లొమా చదివే అమ్మాయి. కంగారులో మైక్ ఆన్ చేసి ఉన్నమాటే చెప్పేసింది: "ప్రసంగం ప్లే అవ్వట్లేదండీ. ఈలోపు ఒక్క విషయం చెప్పండి, కాలేజీ గేటు దగ్గర సాయంత్రం బస్సు వచ్చిందా? నేను కూడా దాంట్లోనే ఇంటికెళ్లాలి." స్టూడియో నంబర్ కూడా చెప్పింది.

ఫోన్ మోగింది. "రాలేదక్కా, ముప్పావుగంట నుంచి నిలబడ్డాం." పెట్టేసేలోపే ఇంకొకరు. "నిన్న కూడా ఆపకుండా వెళ్లిపోయాడు." మూడో కాల్ బస్సు లోపలి నుంచి వచ్చింది. ఒకమ్మాయి, వెనకాల ఒకటే గోల. "నేను ఆ బస్సులోనే ఉన్నా. కాలు పెట్టే సందు లేదు, ఇంకెవరిని ఎక్కించుకుంటారు? కావాలంటే కండక్టర్ అన్నకే ఇస్తా, మాట్లాడండి" అంటూ ఫోన్ ఆయన చేతిలో పెట్టేసింది. ఆయన ముందు కసురుకున్నాడు. ప్రసారం లైవ్‌లో వెళుతోందని తెలిశాక గొంతు సవరించుకుని, "అమ్మా, మాది ఒక్క బండి, ఎక్కేది రెండు బళ్ల జనం. తిట్లన్నీ మాకేనా? వెనకాల ఇంకో బండి ఖాళీగా వస్తోంది, దాన్ని ఎక్కమని చెప్పండి" అన్నాడు.

అంతే, మా అమ్మాయి ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పింది. గేటు పక్కనున్న జిరాక్స్ షాపాయన రేడియో సౌండ్ పెంచాడట, స్టాప్‌లో ఉన్న వాళ్లంతా అటు మూగారట. ఖాళీ బండి నిజంగానే వచ్చింది. ఎక్కిన వాళ్లు లోపలి నుంచి ఫోన్ చేసి మరీ, "సీటు దొరికిందక్కా" అని చెప్పారు. అద్దం అవతల మా మేనేజర్ రెండు చేతులూ ఊపుతూ ఆపమని సైగలు. ఎవరు చూస్తారు!

ఆయన భయం వార్తల గురించి. మన దేశంలో కమ్యూనిటీ రేడియోలు, ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు తయారుచేసి చెప్పకూడదు. ప్రసారాలు మోసే రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు ఇచ్చింది, అయినా ఈ ఆంక్ష పోలేదు. దాని మీద నాకు చాలా కోపం ఉంది, అది వేరే కథ. కానీ బస్సు లేటయిందని చెప్పడం వార్త ఎలా అవుతుంది? ట్రాఫిక్, వాతావరణం, పరీక్షలు, ఫలితాలు, కరెంటు, నీళ్ల సరఫరా లాంటి సమాచారం వార్తల కిందికి రాదని ప్రైవేటు ఎఫ్ఎంల కోసం 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కేంద్రమే రాసింది. పద్దెనిమిదేళ్ల పిల్లకి రోజూ కావలసినవి సరిగ్గా ఇవే.

తర్వాత మావాళ్లు చేసిన ఘనకార్యం వినండి. ఆ గంట బాగా పేలిందని దాన్ని వారం వారం వచ్చే కార్యక్రమం చేశారు. 'విద్యార్థులు – రవాణా సమస్యలు' అని పేరు పెట్టారు. ఒక నిపుణుణ్ణి పిలిచారు, ఆయన ప్రజారవాణా చరిత్ర మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. ఫోన్లు రావడం తగ్గిపోయింది. అప్పుడు మీటింగ్ పెట్టి, ఈ తరానికి శ్రద్ధ లేదని తీర్మానించారు!

మీ ట్రాన్స్‌మిటర్ మహా అయితే పది పదిహేను కిలోమీటర్లు పోతుంది. చాలామంది దీన్ని లోటు అనుకుంటారు. ఆ పరిధిలో ఈ రాత్రి, రేపు పొద్దున ఏం జరగబోతోందో ఏ యూట్యూబరూ చెప్పడు, మీరే చెప్పగలరు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి నడుస్తున్న సంఘం రేడియో చూడండి. దళిత మహిళలు తమ ఊరి యాసలో, తమ పొలాల గురించి మాట్లాడుకుంటారు. భాష శుద్ధి చేసి చదవమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. మీ కుర్రాళ్ల యాసని కూడా అలాగే వదిలేయండి. 'శ్రోతలారా' అనిపించకండి. అలాగని ప్రైవేటు ఎఫ్ఎంల ప్రాంక్ కాల్స్ కాపీ కొట్టొద్దు, ఆ అరుపులు వినీ వినీ జనానికి విసుగొచ్చింది.

ఇంకో చిక్కుంది. చాలా కొత్త ఫోన్లలో ఎఫ్ఎం లేదు. ఉన్నవాటిలోనూ ఇయర్‌ఫోన్ వైరే యాంటెన్నా, ఇప్పుడేమో అందరూ వైర్లు లేనివే వాడుతున్నారు. ఫోన్లలో ఎఫ్ఎం పనిచేసేలా చూడండని కేంద్రం 2023లో కంపెనీలకు సలహా ఇచ్చింది. సలహాకి ఎవరు భయపడతారు చెప్పండి? కాబట్టి ఆ క్విజ్ డబ్బుతో ప్రసారాన్ని ఫోన్లో ఇంటర్నెట్ ద్వారా వినే ఏర్పాటు చేయించండి. వచ్చిన కాల్స్‌లో బాగా పేలిన ముక్కని, మాట్లాడినవాళ్ల ఒప్పుకోలు తీసుకుని, నిమిషం క్లిప్‌గా కత్తిరించి అదే రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో వదలండి. ఫోన్ చేసిన కుర్రాడు తన గొంతు ఉన్న క్లిప్‌ని తనే అందరికీ పంపుకుంటాడు. కత్తిరించే పని కూడా మీ మేనేజర్‌కి కాకుండా ఇరవై ఏళ్ల లోపు వాళ్లకే ఇవ్వండి, ఎక్కడ కోయాలో వాళ్లకే బాగా తెలుసు.