రైతు బజార్ వంకాయపై పురుగుమందు: అదుపు చేసేదెవరు?

విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో నిగనిగలాడే వంకాయ చూసి, పురుగుమందు ఎక్కువ కొట్టారేమో, దీన్ని అదుపు చేసేవారే లేరా అని మీకొచ్చిన అనుమానం సబబే. దీన్ని చూసుకోవాల్సింది రెండు సంస్థలు. పురుగుమందుల చట్టం, 1968 ప్రకారం కేంద్రంలోని రిజిస్ట్రేషన్ కమిటీ అనుమతి లేనిదే ఏ మందూ అమ్మకూడదు. మందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది: ఎరుపైతే అతి విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఎరుపు రకం. కూరగాయలపై దాన్ని ఎప్పుడో నిషేధించారు. కాయలో మిగిలే మందు అవశేషాలకు పరిమితులు పెట్టేది మాత్రం కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ.

అసలు చిక్కు పొలంలోనే ఉంది. మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలని లేబుల్ మీద ఉంటుంది, చీమతలకాయంత అక్షరాల్లో! రేటు బాగుంటే ఆగేదెవరు? ఇంటికి తెచ్చాక కుళాయి కింద బాగా రుద్ది కడగండి. పైనున్నది కొంతవరకు పోతుంది, లోపలికి ఇంకింది పోదు.