మిషన్ సంగతి తర్వాత, ముందు బ్యాటరీ చూడండి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రెండు నెలల కింద ఎవరో అడిగితే ఛార్జింగ్ డ్రిల్ గురించి నాలుగు ముక్కలు రాశాను. అప్పటి నుంచి వస్తున్న ఉత్తరాల్లో సగం వాటి గురించే. సరే, ఈసారి పేజీ మొత్తం వైరు లేని మిషన్లకే ఇచ్చేస్తున్నా. పేరు వెయ్యొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరినీ ఊరి పేరుతోనే పిలుస్తున్నా, ఏమనుకోకండి.

హన్మకొండ నుంచి: సార్, కొత్తింట్లోకి దిగాం. గడియారం మేకు నుంచి టీవీ స్టాండ్ దాకా ప్రతి చిన్న పనికీ ఎలక్ట్రీషియన్ కోసం రెండ్రోజులు ఎదురు చూడాల్సి వస్తోంది. ఆన్‌లైన్‌లో 48 వోల్టుల డ్రిల్ రెండు బ్యాటరీలతో చవగ్గా ఉంది. చౌరస్తాలో షాపులో అడిగితే 18 వోల్టులదానికే రెండింతలు చెప్పాడు. 48 అంటే పెద్దదే కదా, అది తీసుకోనా?

జవాబు: వద్దు. ఆ 48 డబ్బా మీద అచ్చేసినవాడి బుర్రలోంచి వచ్చిన నంబరు. 88, 128 అని రాసినవి కూడా కనిపిస్తాయి, సరిగ్గా చూస్తే పక్కన ఎఫ్ అనే అక్షరం చిన్నగా తోక లాగా ఉంటుంది. ఈ బ్యాటరీల్లో ఉండేవి బొటనవేలంత లిథియం సెల్స్, ఒక్కోటి 3.6 వోల్టులు. వరసగా 5 కలిపితే 18, మూడే కలిపితే 10.8, దాన్నే 12 అని అమ్ముతారు. నిజంగా 48 దగ్గరికి రావాలంటే 13 సెల్స్ వరసగా కావాలి, కరెంటు సైకిళ్ల బ్యాటరీ లెక్క అది. మీరు చూసిన డబ్బాలో ఉండేది మహా అయితే ఆ అయిదే.

మరి మంచి కంపెనీలు కూడా 20 మ్యాక్స్ అని రాస్తాయి కదా అంటారేమో. అవీ ఈ 5 సెల్సే, కాకపోతే ఛార్జింగ్ నిండినప్పుడు ఒక్కో సెల్ 4 వోల్టులు దాటుతుంది, ఆ లెక్క చూపిస్తారు. డివాల్ట్ వాళ్లు అమెరికాలో 20 అని, యూరప్‌లో 18 అని అమ్మేది ఒకటే సరుకు. కాబట్టి వోల్టుల దగ్గర ఎక్కువసేపు ఆగకండి, పక్కనుండే ఆంపియర్ అవర్ అంకె చూడండి. రెండింటినీ గుణిస్తే ట్యాంకులో ఎంత పెట్రోలుందో తెలుస్తుంది: 18 వోల్టుల 2 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 36 వాట్ అవర్లు, 4 అయితే 72.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఒక కంపెనీ బ్యాటరీ కొన్నారంటే ఆ ఇంటికి అల్లుడైనట్టే, రేపు గ్రైండర్ కావాలన్నా, బ్లోయర్ కావాలన్నా మళ్లీ ఆ గడపే తొక్కాలి, ఎందుకంటే బ్యాటరీ లేకుండా ఉత్త మిషన్ మాత్రమే కొంటే చాలా తక్కువలో వస్తుంది. ఒకే కంపెనీ కదా అని నమ్మడానికి కూడా లేదు. బాష్‌లో 18 వోల్టుల నీలం రంగు మిషన్ల బ్యాటరీ ఆకుపచ్చ రంగువాటికి పట్టదు. డివాల్ట్, స్టాన్లీ, బ్లాక్ అండ్ డెక్కర్ మూడూ ఒకే యజమానివైనా ఒకదాని బ్యాటరీ ఇంకోదానికి ఎక్కుతుందని నమ్మకం లేదు. అందుకే షాపులో డ్రిల్ తిప్పి చూసేముందు మూడు మాటలు అడగండి: ఈ బ్యాటరీతో ఇంకా ఏమేం నడుస్తాయి, బ్యాటరీ విడిగా ఇక్కడ దొరుకుతుందా, రిపేరొస్తే వరంగల్‌లోనే చేస్తారా లేక హైదరాబాద్ పంపాలా. మూడోదానికి షాపువాడు నీళ్లు నమిలితే పక్క షాపుకు పోండి.

మీ పనికి 18 వోల్టుల హామర్ డ్రిల్ (తిరుగుతూనే బిట్టును కుదిపేది), వీలైతే బ్రష్‌లెస్‌ది తీసుకోండి. కార్బన్లు ఉండవు కాబట్టి అరగవు, అదే బ్యాటరీతో ఎక్కువసేపు నడుస్తుంది. 2 ఆంపియర్ అవర్‌వి రెండు బ్యాటరీలుంటే ఒకటి ఛార్జింగ్‌లో, ఒకటి చేతిలో.

కాజీపేట నుంచి: మా వారిది రైల్వేలో డ్యూటీ, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండరు. నేనే 12 వోల్టుల డ్రిల్ కొనుక్కున్నాను, అల్మారా బందులు బిగించడం, మంచం విప్పి కట్టడం అన్నీ బాగానే చేస్తోంది. కర్టెన్ రాడ్ దగ్గర మాత్రం కిటికీ పైన ఒక సెంటీమీటరు దిగి ఆగిపోయింది, ఎంత నొక్కినా ఉత్త పొడి రాలుతోంది. మిషన్ పాడైందా అండీ?

జవాబు: మీ మిషన్ బాగానే ఉందమ్మా, మీకు తగిలింది లింటల్. కిటికీ పైన గోడ బరువు మొయ్యడానికి కంకర, ఇనప చువ్వలతో పోసిన చిన్న బీమ్ ఉంటుంది. ఆ ఒక్క సెంటీమీటరూ ప్లాస్టరింగ్, దాని వెనక కాంక్రీటు. మన ఇళ్లల్లో కర్టెన్ రాడ్లు సరిగ్గా అక్కడికే వస్తాయి, ఈ ఉత్తరం నాకు ఏడాదికి నాలుగైదుసార్లు వస్తుంది!

రెండు దారులున్నాయి. ఇటుక దొరికేదాకా రాడ్‌ను ఇంకాస్త పైకి జరపండి. లింటల్ చాలా ఇళ్లల్లో ఆరంగుళాలే ఉంటుంది, దాని పైన చిన్న రంధ్రం వేసి చూడండి, ఎర్ర పొడి వస్తే ఇటుక, బూడిద రంగు పొడే వస్తూ బిట్టు దిగకపోతే ఇంకా కాంక్రీటే. మీ 12 వోల్టులది ఉత్త డ్రిల్ అయితే ఇటుకలో కూడా ఆయాసపడుతుంది, గోడలకు వాడే మేసన్రీ బిట్టు వేసి నెమ్మదిగా పోనివ్వండి. పైకి జరిపితే బాగుండదు అనుకుంటే రోటరీ హామర్ కావాలి, మన మేస్త్రీలు హామర్ మిషన్ అంటారే, అదే. హామర్ డ్రిల్‌లో రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి టకటకలాడుతూ బిట్టును కుదుపుతాయి, అంతే. రోటరీ హామర్‌లో లోపల పిస్టన్ గాలి ఒత్తిడితో బిట్టు వెనక సుత్తి దెబ్బ లాగా కొడుతుంది, అందుకే మీరు నొక్కకుండానే దిగుతుంది. నాలుగు రంధ్రాల కోసం దాన్ని కొనొద్దు, ఒక గంటకు అద్దెకు తెచ్చుకోండి, లేదా ఆ నాలుగు రంధ్రాలకు మాత్రం మనిషిని పిలిచి గిట్టీలు కొట్టించుకుని, రాడ్ మీరే బిగించుకోండి.

వరంగల్ నుంచి: అన్నా, మేడారం పోతుంటే పస్రా దాటినాక టైరు పంక్చరయింది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, నట్లే ఊడలేదు. ఎనకొచ్చిన ఆటోవాళ్లు దిగి సాయం చేసిన్రు. బ్యాటరీ ఇంపాక్ట్ రెంచ్ కొని డిక్కీల ఏసుకుంటే ఎట్లుంటది?

జవాబు: దెబ్బలు కొడుతూ నట్లు తిప్పే మిషన్ కదా, షోకుగా ఉంటది తమ్మీ, అవసరం మాత్రం లేదు. టైర్ల షాపులో గాలి గన్నుతో ఆపకుండా బిగించి పంపిస్తారు, తిప్పలు మనకు. చిన్న కార్ల చక్రం నట్లకు కావాల్సిన బిగువు దాదాపు 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంటుంది, మీ బండిది మాన్యువల్‌లో చూసుకో. ఇప్పుడు లెక్క చూడు: 50 కిలోల మనిషి 50 సెంటీమీటర్ల పొడుగు రాడ్ చివర తన బరువంతా వేస్తే దగ్గరదగ్గర 245 న్యూటన్ మీటర్లు. బండితో వచ్చే పానా అందులో సగం పొడుగే, కాబట్టి బలమూ సగమే. పొడుగు వీల్ పానా ఒకటి కొను, లేదా ఉన్నదానికి సరిపోయే ఇనప పైపు ముక్క డిక్కీలో వేసుకో. ఛార్జింగ్ అక్కర్లేదు, ఎండకు చెడిపోదు. నట్లను మాత్రం బండి జాకీ మీదికి ఎత్తకముందే, చక్రం నేల మీద ఉన్నప్పుడే వదులు చెయ్యాలి, ఇది మర్చిపోయి గాలిలో చక్రాన్ని పట్టుకుని పెనుగులాడేవాళ్లను రోడ్డు మీద చూస్తూనే ఉంటాను.

అయినా కొంటానంటావా, తుప్పు పట్టిన బోల్టులతో రోజూ పనుంటే కొను. డబ్బా మీద రెండు అంకెలుంటాయి, విప్పే బలం, బిగించే బలం. పెద్ద అక్షరాల్లో ఉండేది విప్పేదే, రెండోది కూడా అడుగు. గోటీలు (నట్టు మీద తొడిగే సాకెట్లు) నల్లవి, ఇంపాక్ట్‌కు చేసినవే వాడు, తళతళలాడే మామూలు గోటీ ఆ దెబ్బలకు పగిలి ముక్క ఎగురుతుంది. బిగించేటప్పుడు నట్టును ముందు చేత్తో నాలుగు చుట్లు ఎక్కించు, చివరి బిగువు మాత్రం, ఎంత బిగిసిందో కొలిచే టార్క్ రెంచ్‌తోనే.

జమ్మికుంట నుంచి: ఇంట్లో బైకు సర్వీసుకు ఇంపాక్ట్ డ్రైవర్ పనికొస్తుందా?

జవాబు: ఇది దెబ్బలు కొడుతూ స్క్రూలు తిప్పే మిషన్, విప్పడానికి బాగా పనికొస్తుంది, బిగించడానికి వద్దు. బైకు ఇంజన్ కవర్ బోల్టులు చాలావరకు 6 మిల్లీమీటర్లవి, పైగా అల్యూమినియంలో కూర్చుంటాయి, 10 న్యూటన్ మీటర్లు దాటితే థ్రెడ్ పోయే ప్రమాదం. ఇంపాక్ట్ డ్రైవర్ ఆ 10ని కన్ను మూసి తెరిచేలోపు దాటేస్తుంది. స్పార్క్ ప్లగ్, ఆయిల్ డ్రెయిన్ బోల్టు జోలికి దాన్ని అసలు తీసుకుపోకండి.

జగిత్యాల నుంచి: మా తమ్ముడు దుబాయ్ నుంచి వస్తున్నాడు, మా బావమరిది అమెరికా నుంచి. ఇద్దరూ మిషన్ తెస్తామంటున్నారు. ఎవరిని తెమ్మనాలి?

జవాబు: అదృష్టవంతులు. తమ్ముణ్ని తెమ్మనండి. దుబాయ్ కరెంటు మనలాంటిదే, ఛార్జర్ ఇక్కడ నేరుగా నడుస్తుంది, మూడు చదును పిన్నుల ప్లగ్గుకు అడాప్టర్ ఒకటి కావాలి, అంతే. అమెరికాలో 120 వోల్టులు, అక్కడి ఛార్జర్‌ను మన 230లో పెడితే చాలావాటికి అదే ఆఖరి రోజు. ఛార్జర్ వెనక స్టిక్కర్ మీద 100 నుంచి 240 అని ఉంటే భయం లేదు. బావమరిది మనసు నొప్పించడం ఎందుకు అనుకుంటే మిషన్, బ్యాటరీ మాత్రం తెమ్మని, అదే కంపెనీ ఛార్జర్ ఇక్కడ కొనుక్కోండి. మకిటా 18 వోల్టులదైతే బ్యాటరీ అక్కడైనా ఇక్కడైనా ఒకటే. వారంటీ మాత్రం సాధారణంగా కొన్న దేశంలోనే.

ఇద్దరికీ ఒక మాట చెప్పండి. విడి బ్యాటరీలు చెక్ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే తేవాలి, మిషన్ మాత్రం సూట్‌కేసులోకే పోవాలి. బ్యాటరీ 100 వాట్ అవర్ల లోపుంటే ఇబ్బంది లేదు, దాటితే విమానం కంపెనీని ముందే అడగాలి. పైన చెప్పిన గుణకారమే: 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్‌ది 90, కాబట్టి సరే. 6 అయితే 108, ఎయిర్‌పోర్టులో టెన్షన్. రాగి పలకలు కనిపించే చోట టేపు అంటించి తెమ్మనండి.

పరకాల నుంచి: గేటు పనికి బ్యాటరీ గ్రైండర్ కొనాలా, వైరుదా?

జవాబు: వైరుదే. గ్రైండర్ బ్యాటరీని తాగేస్తుంది, ఇనుము కోస్తుంటే చిన్న బ్యాటరీ నిమిషాల్లో ఖాళీ. చెలక దగ్గర, కరెంటు లేని చోట పనుంటే అప్పుడు బ్యాటరీది. ఏది కొన్నా గార్డు పీకెయ్యకండి, డిస్కు మీద రాసిన వేగం మిషన్ వేగం కన్నా తక్కువ ఉండకూడదు.

గోదావరిఖని నుంచి: ఎండాకాలంలో బ్యాటరీ ఛార్జర్‌లో పెడితే ఎర్ర లైటు కొట్టుకుంటుంది, ఎక్కదు. కొని ఏడాది కూడా కాలేదు.

జవాబు: కాగిపోయి ఉంటుంది. బ్యాటరీ లోపలి వేడి ఓ హద్దు దాటితే మంచి ఛార్జర్ కరెంటు పంపదు, చల్లారాక తనే మొదలుపెడుతుంది. పని ముగియగానే కాకుండా అరగంటాగి, నీడలో పెట్టి చూడండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చెమ్మ పడుతుంది. అప్పుడూ ఎక్కకపోతే వారంటీ కార్డు వెతకండి.

నా సంగతీ చెబుతా. ఒక మే నెలలో ఎనుమాముల మార్కెట్ దగ్గర బంధువుల షెడ్డుకు రేకులు బిగించడానికి పోయి, 4 ఆంపియర్ అవర్ బ్యాటరీని కారు డ్యాష్‌బోర్డు మీద మర్చిపోయి భోజనానికి కూర్చున్నా. మామిడికాయ పప్పు, మాటలు, ఓ కునుకు. లేచి వచ్చి పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. ఆ రోజు నడిచింది, వారం తర్వాతా నడిచింది, కానీ అప్పటిదాకా ఒక్క ఛార్జింగ్‌తో పూర్తయిన పనికి ఆ తర్వాత ఒకటిన్నర అయ్యేది. వానాకాలం వచ్చేసరికి దాన్ని టార్చిలైటుకు ఇచ్చేశాను, ఇప్పటికీ దానికే వాడుతున్నా.